పొల్లు పోయిన కాలం

"లేరా అంటే... ఉన్నారండీ."

ఫోన్‌లో అవతలివాళ్లు ఏదో అన్నారు. అనఘ కళ్లు మూసుకుని తెరిచింది.

"ఆఁ, ఇక్కడే ఉన్నారు. ఇడ్లీలు తింటున్నారు."

అవతల నుంచి ఇంకేదో.

"అయ్యో, ఆవిడ పేరు మీద మేం పెట్టడం కాదండీ. ఆవిడే తింటున్నారు. తన చేత్తోనే. ఉంటానండీ."

ఫోన్ పెట్టేసి అత్తగారి వైపు చూసింది. అత్తగారు జ్ఞానప్రసూనాంబ, అచ్చులో కాలం చేసిన మనిషి, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ప్లేటు ముందుకు జరిపింది.

"అల్లప్పచ్చడి ఇంకాస్త వెయ్యమ్మా. పోయాక ఆకలి ఎక్కువవుతుంది కాబోలు."

అనఘ నవ్వలేదు. పచ్చడి వేసింది.

పొద్దుట పత్రిక వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. విమర్శకుల్లో ఒక్కరూ పట్టించుకోని రచయిత్రికి ఒక్క పూటలో ఇంతమంది పరామర్శకులు. సంతాపాల సంత. ఆవిడ దగ్గర తెలుగు చదువుకున్న పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో దణ్ణం పెట్టే చేతులు బారులు తీరాయి. ఎన్నడూ ఒక్క లైకు కొట్టనివాళ్లు కూడా 'ఓం శాంతి' కొట్టారు. రాజధాని మాదిరిగా తయారైంది ఆవిడ పరిస్థితి. ఉందనేవాళ్లు ఉందంటున్నారు, లేదనేవాళ్లు లేదంటున్నారు, మధ్యలో ఆవిడ మాత్రం ఉన్నచోటే ఉంది.

కారణం టేబుల్ మీదే పడి ఉంది. వారపత్రిక ఆఖరి పేజీ. ఏళ్ల తరబడి ఆవిడ శీర్షిక 'పోపుడబ్బా' వచ్చే చోట ఆవిడ ఫొటో, దాని చుట్టూ నల్ల గీత, కింద నాలుగు ముక్కలు. 'పాఠకులకు మనవి. శ్రీమతి జ్ఞానప్రసూనాంబ గారి కాలం ముగిసింది. ఇన్నాళ్లూ ఆవిడను ఆదరించిన మీకు కృతజ్ఞతలు.'

వాళ్లు రాయదలచుకున్నది కాలమ్. మకారం మీద ఉండాల్సిన పొల్లు ఎగిరిపోయి, ఆ ఖాళీలో సున్నా వచ్చి కూర్చుంది. పొల్లు ఉంటే పత్రికలో శీర్షిక. సున్నా ఉంటే మనిషి ఆయుర్దాయం. తెలుగులో చావుకీ బతుకుకీ మధ్య ఉన్నది ఒక్క సున్నా. దాన్ని తీసుకొచ్చి ఆవిడకి చుట్టారు.

గదిలోంచి శ్రీచరణ్ వచ్చాడు. ప్రసూనాంబ ఒక్కగానొక్క కొడుకు. ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో వైస్ ప్రిన్సిపాల్. ఇస్త్రీ చొక్కా మీద మెడలో కాలేజీ గుర్తింపు కార్డు.

"ఏదో అచ్చుతప్పమ్మా. సవరణ వేయిద్దాం. దీనికింత హడావుడి ఎందుకు?"

"హడావుడి నేను చెయ్యడం లేదురా. చచ్చినవాళ్లు ఎప్పుడూ చెయ్యరు. మిగిలినవాళ్లే చేస్తారు."

"అదే, ఆ సున్నా ఒక్కటీ..."

"సున్నా సంగతి సరే. దాని పక్కన 'ముగిసింది' అని ఉంది. అదెవరి తప్పు?"

శ్రీచరణ్ బూట్ల కోసం వంగాడు.

పొద్దుట్నుంచీ ఫోన్ చేసినవాళ్లంతా ఆ సున్నా చూసే ఏడ్చారు, ఆ సున్నా చూసే నవ్వారు. దాని పక్కనున్న క్రియాపదం వైపు ఎవరూ చూడలేదు. తెలుగు టీచరు కాబట్టి ఆవిడ చూసింది.

"తల్లుల మాటలు పంపాను కదా. ఈ వారం రావాలి. రాలేదేం?"

"స్థలం చాలక ఆపి ఉంటారు."

"స్థలం చాలకపోతే ఒక వారం ఆపుతారు. ముగించరు."

బూటు లేసు ముడి పడటం లేదు. విప్పి మళ్లీ కట్టాడు.

"బసవపున్నయ్య గారికి ఫోన్ చేసి కనుక్కుంటాను" అంది ప్రసూనాంబ. బసవపున్నయ్య ఆ పత్రిక సంపాదకుడు. సంపాదన లేకపోయినా సంపాదకుడే.

"నేను మాట్లాడతానులే అమ్మా. నువ్వు బీపీ పెంచుకోకు."

"నాకు బీపీ ఎప్పుడొచ్చిందిరా?"

లిఫ్టు వచ్చింది. శ్రీచరణ్ వెళ్లిపోయాడు.

అనఘ ఇదంతా వింటూ టిఫిన్ డబ్బా సర్దుకుంటోంది. బెంజ్ సర్కిల్ దగ్గర బ్యాంకులో ఉద్యోగం ఆమెకి. అనఘ అంటే పాపం లేనిది అని అర్థం. 'పోపుడబ్బా'లో మటుకు ఇంట్లో జరిగిన ప్రతి పాపమూ ఆమె ఖాతాలోనే పడేది. ఉప్మా ఉండకట్టిన పాపం, దోసె అట్టు కాకముందే అట్ట అయిన పాపం.

"తలుపు వేసుకోండి అత్తయ్యగారూ. ఎవరైనా వస్తే..."

"పోయిందని చెప్పమంటావా?"

"పడుకున్నారని చెప్పండి."

"రెండూ ఒకటేలే."

"ఈ ముక్క కూడా రాసుకోండి" అంది అనఘ, చెప్పులు తొడుక్కుంటూ. "కోడలు పడుకోమంది అని."

తలుపు మెల్లగానే వేసింది. గట్టిగా వేసినా బాగుండేదని ప్రసూనాంబకి అనిపించింది.

*

గుణదలలో తిరునాళ్ల రోజులు. కొండ మీది చర్చి మైకులోంచి పాట సగం సగం వినిపిస్తోంది. బాల్కనీ కింద రోడ్డంతా జనం. ఇంత మందిలో ఒక్కరికైనా పైన మూడో అంతస్తులో పోయిన మనిషి నిలబడి చూస్తోందని తెలియదు.

ఇంట్లో మనుషులున్నప్పుడు ఆవిడ మాట ఏనాడూ చివరిదాకా వెళ్లలేదు. మధ్యలో కుక్కరు కూసేది. లేదా ఫోన్ మోగేది. ఏదీ లేకపోతే శ్రీచరణ్ "తర్వాత చెబుదువుగాని అమ్మా" అనేవాడు. ఆ తర్వాత అనేది ఏ క్యాలెండర్‌లోనూ లేని తిథి. వారానికొక్కసారి, ఆ ఆఖరి పేజీలో మాత్రం, ఆవిడ వాక్యం మొదలుపెడితే చుక్క దాకా వెళ్లేది.

అందుకే అన్నిటి మీదా రాసింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మేడల మీద జనం అన్నం పొట్లాల కోసం ఆకాశం వైపు చూసినప్పుడు రాసింది. పుట్టినరోజుల ఫ్లెక్సీలు కట్టి వీధిలైట్లు కనపడకుండా చేసిన నాయకుల మీద, నాయకుల కన్నా ఫ్లెక్సీలకే ఫ్లెక్సిబిలిటీ తక్కువని రాసింది. టమాటా ధర మీద రాసింది. మోకాళ్ల మీద రాసింది. భర్త శ్రీరామచంద్రమూర్తి పోయినప్పుడు మాత్రం వంకాయ మీద రాసింది, ఆయనకి ఇష్టం కాబట్టి.

ఆయన బతికి ఉన్నప్పుడు ప్రతి వారం పత్రిక ముఖానికి అడ్డం పెట్టుకుని "బాగుంది" అనేవాడు. కళ్లజోడు మాత్రం టీవీ మీద ఉండేది. చదవకుండానే తల ఊపేవాడని ఆవిడకి తెలుసు. ఊపే తల అయినా ఉండేది అప్పుడు.

కిందటి వారం రాసినది కళ్లజోడుతోనే మొదలైంది. ఆదివారం శ్రీచరణ్ కళ్లజోడు మర్చిపోయి కాలేజీకి వెళ్తే, ఇచ్చి వద్దామని వెళ్లి కళ్లారా చూసింది. హాస్టలు పిల్లల్ని చూడ్డానికి వచ్చిన తల్లులు కార్ల పక్కన, ఆటోల పక్కన నిలబడి, డబ్బాలు విప్పి ముద్దలు కలిపి పెడుతున్నారు. గంట కొట్టారు. పిల్లలు నోట్లో సగం ముద్దతో లోపలికి పరిగెత్తారు. మిగతా సగం తల్లుల చేతుల్లో ఉండిపోయింది. ఆవిడ అదే రాసింది. కాలేజీ పేరు రాయలేదు. అది చదివి కొందరు తల్లులు ఫోన్ చేశారు. వాళ్లు చెప్పినదంతా వచ్చే వారం రాస్తానని మాట ఇచ్చింది. రాసి పంపింది కూడా.

అదే రాలేదు. ఆవిడ పోయింది.

కాలింగ్ బెల్ మోగింది.

*

గుమ్మంలో ఒక పెద్దావిడ. జరీ అంచు నేత చీర, చేతిలో తామరాకులో చుట్టిన తెల్లచామంతి దండ, చంకలో సంచి, నుదుటి మీద చెమట.

"ప్రసూనాంబ గారిల్లు ఇదేనాండీ?"

"ఇదే."

"మీరు?"

పత్రికలో వేసే ఫొటో నల్లజుట్టు నాటిది. వాళ్లు కొత్తది అడగలేదు, ఈవిడ ఇవ్వలేదు. వచ్చినావిడ కళ్లలో నీళ్లున్నాయి. ఆ నీళ్లు ఎలాంటివో చూడాలనిపించింది ప్రసూనాంబకి.

"చెల్లెల్ని" అంది.

"నా పేరు వెంకటరావమ్మండీ. వన్ టౌన్‌లో మాకు నేత చీరల కొట్టుంది. పత్రికాఫీసుకి ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి అడ్రసు చెప్పింది. తిరునాళ్లని ఆటోవాడు రోడ్డు మొదట్లోనే దింపేశాడు. చేతిలో దండ చూసి దారిపొడుగునా ప్రతివాడూ 'కొండకి అటమ్మా' అనేవాడే." కుర్చీ అంచు మీద కూర్చుంది. "తీసుకెళ్లిపోయారా?"

"ఆఁ... పొద్దున్నే అయిపోయింది."

"బాధ పడ్డారా?"

"లేదు. తెలియనే తెలియదు. అచ్చయ్యేదాకా."

వెంకటరావమ్మకి ఆఖరి మాట వినిపించలేదు. పైటచెంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. దండ తెచ్చిన మనిషికి దండం పెట్టాలో, దండగ అని చెప్పాలో తెలియక ప్రసూనాంబ, "కాఫీ తాగుతారా?" అంది.

"వద్దండీ. మైల ఇంట్లో పుచ్చుకోను. ఏమీ అనుకోకండి." ఫొటో ఎక్కడ పెట్టారో అని గోడలన్నీ చూసింది. "గురువారం గురువారం కొట్టు తెరవగానే ముందు ఆఖరి పేజీ చదివేదాన్ని. మా ఆయన పోయాక కొట్లో ఎంతమంది ఉన్నా నాతో మాట్లాడేవాళ్లెవరండీ, అందరూ బేరమాడేవాళ్లే. ఆవిడ రాసింది చదివితే ఎవరో ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టుండేది."

ఇన్నేళ్లలో ప్రసూనాంబకి ఎదురుగా కూర్చుని ఈ మాట అన్నవాళ్లు లేరు. వినడానికి చావాల్సి వచ్చింది.

"కోడల్ని మటుకు ఆడిపోసుకున్నారండీ. మీ అక్కగారని కాదు, ఉన్నమాటే చెప్తున్నా. ఒక్క ఉప్మా మీద ఎన్నిసార్లని?"

"ఆ ఉప్మా మీరు తినలేదు కదా."

"తినకపోయినా నాకు కోడలుంది. ఉద్యోగం చేసుకొచ్చి వండి పెట్టే పిల్ల, ఊరంతా చదువుతుంటే ఎలా తలెత్తుకు తిరుగుతుంది? ఆ పిల్ల వైపు ఒక్క వారం కూడా రాయలేదు." చెప్పేశాక మెత్తబడింది. "సర్లెండి, పోయినావిణ్ని అనకూడదు. మాకు చేసిన మేలు ముందు అదెంత."

"మేలా?"

"మా మనవడు ధనుంజయ్ హాస్టల్లో ఉండేవాడండీ. కిందటి వారం ఆవిడ ఆ సగం ముద్ద సంగతి రాశారు చూడండి, అది చదివి మా కోడలు కొట్లోనే కూలబడిపోయింది. ఆ సగం ముద్ద తన చేతిలోదేనట. ఆ సాయంత్రమే వెళ్లి తెచ్చేసుకున్నాం పిల్లాణ్ని. వచ్చినవాడు వచ్చినట్టే పడుకున్నాడు. లేచి పెరుగన్నం అడిగాడు." దండ ఒళ్లోకి సర్దుకుంది. "ఇంకా చాలామంది తల్లులు ఆవిడకి ఫోన్ చేసి చెప్పుకున్నారట, అవన్నీ వచ్చే వారం రాస్తానన్నారట. వాడితోపాటు ఉన్న పిల్లల ఇళ్లలో కూడా ఎదురు చూస్తున్నారండీ. అది చదివితే వాళ్లాయనలు ఒప్పుకుంటారని. ఇంతలో ఈవిడ ఇలా చేశారు."

వంటింట్లో కుక్కరు ఆఖరి కూత కూసింది. ప్రసూనాంబ లేచి లోపలికి వెళ్లింది. ముఖం కనపడకుండా కాసేపు ఎక్కడైనా నిలబడాలి. నిలబడిన చోట స్టవ్వు ఉంది. అలవాటైన చెయ్యి అలవాటైన పని చేసేసింది. మూకుట్లో నూనె, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ. చిటపట.

హాల్లో కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

"ఏవండీ, ఆ వాసనేంటండీ?"

"పప్పులోకి."

"పోపా?" వెంకటరావమ్మ వంటింటి గుమ్మం దాకా వచ్చేసింది. "చావింట్లో పోపు పెడతారా ఎవరైనా? పొద్దున్న మనిషిని పంపించి మధ్యాహ్నానికి ఇంగువ పోపా? మైల తీరేదాకా చప్పిడి పప్పు తినలేకపోయారా? తోడబుట్టినవాళ్లే ఇలా చేస్తే ఇంక ఎవర్ననాలి?"

మూకుడు దించింది ప్రసూనాంబ.

"పెట్టింది తోడబుట్టినావిడ కాదండీ. పోయినావిడే."

వెంకటరావమ్మ చూసింది. నెరిసిన జుట్టు చూసింది, కళ్లు చూసింది, ముక్కుపుడక దగ్గర ఆగిపోయింది. పత్రికలో ఫొటోకి ఉన్నది అదే.

సున్నా, పొల్లు, కాలమ్, కాలం అన్నీ చెప్పుకొచ్చేసరికి పప్పు చల్లారింది. వెంకటరావమ్మ నవ్వుతుందని ఎదురు చూసింది ప్రసూనాంబ. ఆవిడ నవ్వలేదు.

"నేను కొట్లో ఏడ్చానండీ. గిరాకీ ముందు."

"తప్పయిపోయింది."

"మీరు చెయ్యని దానికి మీరేం చేస్తారు. చెల్లెలన్నారు చూడండి, అది తప్పు." దండ వైపు చూసుకుంది. "దీన్నేం చెయ్యమంటారు? పోయినవాళ్ల పేరున కొన్నది దేవుడికి వెయ్యకూడదు, ఇంటికి తీసుకెళ్లకూడదు."

"అక్కడుంచండి."

కాఫీ తాగింది. గ్లాసు తనే కడిగి పెట్టింది. గుమ్మం దగ్గర ఆగి, "చావింటి నుంచి చెప్పకుండా వెళ్లాలని, నోరు కట్టుకుని వచ్చాను. వెళ్లొస్తానండీ" అంది. రెండు మెట్లు దిగి మళ్లీ వెనక్కి చూసింది. "ఆ తల్లుల సంగతి రాస్తారుగా?"

ప్రసూనాంబ తల ఊపింది. ఆ ఊపులో అవునూ లేదు, కాదూ లేదు. శ్రీరామచంద్రమూర్తి తల ఊపు లాంటిది.

తలుపు వేసి ఫోన్ తీసింది.

*

"అమ్మా, మీరేనా? గొంతు వినగానే నా ప్రాణం లేచొచ్చింది" అన్నాడు బసవపున్నయ్య.

"మీది లేచొస్తే చాలదు. పోయింది నాది."

"కొత్త సబ్ ఎడిటరండీ. చివర్లో మకారప్పొల్లు వచ్చే ఇంగ్లీషు మాటకల్లా సున్నా పెట్టమని నేనే చెప్పాను. టీమ్‌ని టీం చేసింది, ఫిల్మ్‌ని ఫిలిం చేసింది, ఆ ఊపులో మిమ్మల్ని..."

"సున్నా ఆ అమ్మాయి పెట్టింది. ముగింపు ఎవరు పెట్టారు?"

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రమే వినిపించింది.

"మీ అబ్బాయి గారే కదండీ ఫోన్ చేసింది. మీకు బీపీ బాగా ఎక్కువగా ఉందని, డాక్టర్లు రాయొద్దన్నారని, మీకు చెప్పి బాధపెట్టొద్దని. మీకు... తెలీదా అమ్మా?"

ఈసారి ఇవతల ఫ్యాను చప్పుడు.

"వచ్చే సంచిక ఆఖరి పేజీ ఈసారి ముందుగానే, ఈ సాయంత్రమే ప్రెస్సుకి వెళ్లిపోతుంది" అన్నాడు కాసేపటికి. "మీరు పంపిన తల్లుల వ్యాసం నా దగ్గరే భద్రంగా ఉంది. వెయ్యమంటే వేస్తాను. లేదంటే సవరణ ఒక్కటీ వేసి ఊరుకుంటాను. మీ ఇష్టం. సాయంత్రం నేనే చేస్తాను."

ఫోన్ పెట్టేశాక ప్రసూనాంబ కొడుకు పేరు గురించి ఆలోచించింది. శ్రీచరణ్. చరణం అంటే పాదం. పేరు పెట్టింది తనే. ఆ పాదమే తన కాలమ్‌కి అడ్డంపడింది.

ఎవరితోనైనా చెబితే పకపక నవ్వే మాట. చెప్పడానికి ఎవరూ లేరు.

*

శ్రీచరణ్, అనఘ ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఆమె కూరగాయల సంచి దించకముందే ప్రసూనాంబ అడిగింది.

"నాకు బీపీ ఎంతుందిరా?"

అతను గుర్తింపు కార్డు మెడలోంచి తీశాడు. తీసినది ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకున్నాడు.

"బసవపున్నయ్య చెప్పేశాడా?"

"నువ్వు చెప్పాల్సింది ఆయన చెప్పాడు."

"ప్రిన్సిపాల్ గారు పిలిచారమ్మా. స్టాఫ్ అందరి ముందూ. మీ అమ్మగారిది పోపుడబ్బానా, పెట్రోలు డబ్బానా అన్నారు. అందరూ నవ్వారు."

"నువ్వో?"

"నేనూ నవ్వాల్సి వచ్చింది."

ప్రసూనాంబ కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు.

"నేను రాసింది అబద్ధమా?"

"అబద్ధమని నేనన్నానా? అందులో నా ఉద్యోగం ఉందమ్మా. ఈ వయసులో ఇంకో కాలేజీ నన్ను తీసుకోదు. ఆదివారం ఆ గంట ఎవరు కొట్టిస్తారో తెలుసా నీకు?"

"తెలుసు. గంట దగ్గర నిన్ను చూశాను. అందుకే పేరు రాయలేదు."

శ్రీచరణ్ కూర్చున్నాడు.

కొండ మీద మైకు ఊపిరి పీల్చుకుంటోంది.

"ఎలా ఉందిరా?" అంది ప్రసూనాంబ.

"ఏది?"

"నేను రాసింది. చదివావు కదా."

అతను తల దించుకున్నాడు. "నేను చదవలేదమ్మా. ప్రిన్సిపాల్ గారే చదివి వినిపించారు."

"విన్నావు కదా మరి. ఎలా ఉంది?"

జవాబు అనఘ దగ్గర్నుంచి వచ్చింది. సంచిలోంచి బెండకాయలు తీసి టేబుల్ మీద పెడుతూ, గొంతు పెంచకుండా మాట్లాడింది.

"నా ఉప్మా మీద రాసినప్పుడు ఆపించారా?"

"నువ్వుండు అనఘా."

"మా నాన్నగారు పెళ్లిలో పెట్టిన గారెల మీద రాసినప్పుడు ఆపించారా? మా బ్యాంకులో ఆ పేజీ చేతులు మారి తిరిగింది. 'అమ్మ సరదాగా రాసిందిలే' అన్నారు. మీ కాలేజీ మీద రాసేసరికి అమ్మకి బీపీ వచ్చిందా?"

"ఇప్పుడు అది..."

"ఇప్పుడే. ఇంకెప్పుడూ కాదు." అత్తగారి వైపు తిరిగింది. "మీ వైపు మాట్లాడుతున్నాననుకోకండి అత్తయ్యగారూ. మీ లెక్క వేరే ఉంది. దాన్ని తర్వాత చూసుకుందాం. కానీ ఆపితే మొదట్లోనే ఆపాలి. ఇన్నేళ్లు నా మీద రాయనిచ్చి, ఒక్కసారి ఆయన మీద రాయగానే ఆపడం ఏం న్యాయం?"

ప్రసూనాంబ కోడలి వైపు చూసింది. ఇంతకాలం ఒకే ఇంట్లో ఉండి ఈ పిల్ల ఇన్ని వాక్యాలు వరసగా మాట్లాడటం ఇదే మొదలు. మాట్లాడలేకపోయిందో, మాట్లాడనివ్వలేదో. వన్ టౌన్ ఆవిడ చెప్పింది గుర్తొచ్చి ఏదో అనబోయింది. అనఘ అప్పటికే బెండకాయల వైపు తిరిగిపోయింది.

ఫోన్ మోగింది. బసవపున్నయ్య.

శ్రీచరణ్ ముందుకు వంగాడు. "అమ్మా, ఒక్క వాక్యం. అనారోగ్యం వల్ల స్వయంగా విరమించుకుంటున్నానని చెప్పు. అంతకన్నా ఏమీ అక్కర్లేదు. నేను నిన్ను ఇంకేమీ అడగను."

"ఇంతకుముందు మాత్రం అడిగావా?"

ఆవిడ స్పీకర్ నొక్కి ఫోన్ టేబుల్ మీద పెట్టింది.

"చెప్పండమ్మా" అన్నాడు బసవపున్నయ్య. "ఈసారి కలం నేనే పట్టుకున్నాను. మీ ఫోన్‌లోంచి ఏ మాట వస్తే ఆ మాట. పొల్లు పోదు, సున్నా రాదు. మీరు దగ్గితే దగ్గు కూడా రాస్తాను."

"రాసుకోండి. నేను బతికే ఉన్నాను."

"బతికే... ఉన్నాను. తర్వాత?"

"ఆరోగ్యంగానే ఉన్నాను."

శ్రీచరణ్ తలెత్తాడు.

"ఆరోగ్యంగానే... ఉన్నాను. మరి కాలమ్ ఎందుకు ముగిసిందని రాయమంటారు? తల్లుల వ్యాసం వెయ్యమంటారా, వద్దా? పేజీ పట్టుకుని కూర్చున్నారండీ కింద."

ప్రసూనాంబ కొడుకు ముఖంలోకి చూసింది. జుట్టు చెవుల దగ్గర నెరిసింది. ఎప్పుడు నెరిసిందో ఆవిడ గమనించలేదు. టమాటా ధర మీద రాసింది, మోకాళ్ల మీద రాసింది, దీని మీద రాయలేదు.

"అది నేను చెబితే నా మాటవుతుంది బసవపున్నయ్య గారూ. ముగించినవాడు ఇక్కడే ఉన్నాడు. ఎందుకు ముగిసిందో, ఇక ముందు వెయ్యాలో వద్దో వాడు చెబుతాడు. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. కింద వాడి పేరు పెట్టండి."

ఫోన్‌ని కొడుకు ముందుకు జరిపింది.

బెండకాయలు ఏరుతున్న అనఘ చెయ్యి ఆగింది.

రోజూ వందమంది పిల్లల ముందు మైకు లేకుండా పాఠం చెప్పే మనిషి శ్రీచరణ్. వెలుగుతున్న ఫోన్ అద్దం వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. నోరు తెరిచి మూశాడు. మళ్లీ తెరిచాడు.

"అమ్మా" అన్నాడు.

ఫోన్‌లో కాగితం మీద కలం గీరిన చప్పుడు.

"అమ్మా... రాశానండీ. తర్వాత?"